లోపల ఇద్దరు కొట్లాడుకుంటుంటే: వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి

ముందు ఒక నోట్‌బుక్ కొనుక్కోండి. వంద పేజీల రూళ్ల పుస్తకం చాలు. ఫోన్‌లో రాసుకుంటే పోలా అనుకోవద్దు. సగంలో ఎవరో ఒకరు కాల్ చేస్తారు, వాట్సాప్ మోగుతుంది, ఎవరి మాట రాస్తున్నామో మర్చిపోతాం. ఇంట్లో ఇంకెవరి చేతికీ దొరక్కుండా ఆ పుస్తకం ఎక్కడ పెట్టాలో కూడా ముందే చూసుకోండి. ఎవరైనా చదువుతారేమో అన్న భయం ఉంటే చెయ్యి నిజం రాయదు.

ఒకే విషయం మీద మనసు రెండు వైపులా లాగుతూ, ఎటు వెళ్లినా రెండో వైపు నుంచి తిట్లు తినేవాళ్ల కోసం ఈ పద్ధతి. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, శనివారం పొద్దున కావలిలో బస్సు దిగి ‘ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుండు’ అనుకుని, సోమవారం ఆఫీసులో కూర్చుని ‘ఊళ్లో ఏముందని’ అనుకునే కుర్రాడు ఉంటాడు. పొద్దున్నుంచి అందరికీ ‘సరే’ అని, రాత్రి హోంవర్క్ దగ్గర పిల్లాడి మీద విరుచుకుపడి, వాడు నిద్రపోయాక ఏడ్చే అమ్మ ఉంటుంది. కౌలుకు తీసుకున్న గుంటలో రొయ్య మళ్లీ వేయాలా మానాలా అని నిద్ర పట్టని రైతు ఉంటాడు. వీళ్లను చూసి జనం ‘నిలకడ లేదు’ అంటారు. ఆ మాట అన్యాయం. లోపల ఒకరికంటే ఎక్కువమంది ఉండటం జబ్బు కాదు, బలహీనతా కాదు. అందరికీ ఉన్నదే. కాకపోతే చాలామంది వాళ్లలో ఒకరిని ‘నేను’ అని, రెండోవాళ్లను ‘నా చెడ్డ బుద్ధి’ అని అనుకుంటారు. గొడవ తెగకపోవడానికి సగం కారణం అదే.

ఈ సంగతి మనస్తత్వ శాస్త్రానికి కొత్తదేమీ కాదు. మనం లోకానికి చూపించే ముఖం వేరు, మనకు నచ్చక వెనక్కి నెట్టేసిన నీడ వేరు అని స్విట్జర్లాండ్‌కు చెందిన కార్ల్ యూంగ్ చెప్పాడు. ఒక మనిషిలో చిన్న చిన్న వ్యక్తిత్వాలు చాలా ఉంటాయని ఇటలీ డాక్టరు రాబర్టో అసాజోలి రాశాడు. 1980ల్లో అమెరికాలో రిచర్డ్ ష్వార్ట్జ్ అనే ఫ్యామిలీ థెరపిస్టు, తన దగ్గరికి వచ్చేవాళ్లు ‘నాలో ఒకరు తినమంటారు, ఇంకొకరు తిన్నందుకు తిడతారు’ అన్నట్టు మాట్లాడటం గమనించాడు. కుటుంబంలో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించినట్టే లోపలివాళ్లనూ మాట్లాడించవచ్చని ఒక పద్ధతి తయారు చేశాడు. కింద చెప్పే వాటిలో ఎక్కువ భాగం ఆ దారిలోవే. మన ఇళ్లకు, మన ఊళ్లకు తగ్గట్టు కొంచెం మార్చి చెబుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. బయటి నుంచి ఎవరో మాట్లాడినట్టు చెవికి గొంతులు వినిపిస్తుంటే, గంటల తరబడి ఏం చేశారో గుర్తుండకపోతుంటే, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈ పుస్తకం పక్కన పెట్టేయండి. ముందు డాక్టరుకు చూపించుకోండి. నెల్లూరులో, ఒంగోలులో ప్రభుత్వ పెద్దాసుపత్రులు వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్నాయి, మానసిక వైద్యులు అక్కడ ఉంటారు. ఇంట్లోంచి కదల్లేకపోతే టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ అది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

1. ఒక్క గొడవే తీసుకోండి, అదీ చిన్నది

మొదటిరోజే పెళ్లి, ఆస్తి, నాన్నతో పాతికేళ్ల కోపం లాంటివి ముందేసుకోవద్దు. వారానికి రెండు మూడుసార్లు వచ్చిపోయే గొడవ ఒకటి ఎంచుకోండి. ఫోన్ పక్కన పెట్టి పడుకోవాలా, ఇంకో అరగంట చూడాలా. అక్కకు అప్పు ఇవ్వాలా, లేదని చెప్పాలా. ఆ స్థాయిలో ఉంటే చాలు.

ఏది తీసుకోవాలో తెలియకపోతే ఒక చిట్కా. మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగకు వెళ్లే ఉంటారు. వెళ్లకపోయినా విని ఉంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, విదేశీ రొట్టె, సొంతింటి రొట్టె, ఇలా దేనికదే. ఆ నీళ్లలో నిలబడ్డారనుకోండి. ఎవరూ చూడటం లేదు. మీ చెయ్యి ముందు ఏ రొట్టెకు వెళుతుంది? అది పుచ్చుకోగానే లోపల ‘అది కాదు, ఇది’ అని ఇంకెవరైనా అన్నారా? ఆ రెండో రొట్టె పేరు కూడా రాయండి. ఒక చేతిలో విదేశీ రొట్టె, ఇంకో చేతిలో అమ్మ దగ్గరే ఉండాలన్న సొంతింటి రొట్టె పట్టుకున్నవాళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు. మీ గొడవ ఏదో ఆ రెండు పేర్లలో బయటపడుతుంది.

2. వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రాయండి

పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ఒకరు, కుడివైపు ఇంకొకరు. లోపల వినిపించే మాటను దిద్దకుండా, వచ్చింది వచ్చినట్టు రాయండి. పుస్తకాల తెలుగులోకి మార్చవద్దు. ‘నాకు ఆర్థిక అభద్రత ఉంది’ అని రాస్తే అక్కడ ఎవరూ దొరకరు. ‘బాకీ ఎట్టా తీరుస్తావురా?’ అని రాస్తే ఎవరో దొరుకుతారు.

విడవలూరు వైపు రొయ్యల రైతు పేజీ ఎలా ఉంటుందో చూడండి.

ఎడమవైపు: “ఈసారి వేసి తీరాల. పోయిన పంటకి పక్క గుంటాయన 30 కౌంట్ తీశాడు, చూడలా? ఇప్పుడు ఆపితే ఊళ్లో తలెత్తుకోలేం.”

కుడివైపు: “తెల్లమచ్చ వస్తే ఏం చేస్తావు? మేత షాపు బాకీ ఇంకా తీరలా. రాత్రి కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే తెల్లారేసరికి గుంటంతా తేలిపోద్ది.”

30 కౌంట్ అంటే కిలోకు ముప్పై తూగే సైజు రొయ్య. తెల్లమచ్చ రొయ్యలకు వచ్చే వైరస్ జబ్బు. రెండూ తెలివైన మాటలే. మూడు నాలుగు నెలల పంట మీద లక్షలు పెట్టేవాడికి ఈ రెండు గొంతులూ కావాలి. అయితే పేజీని మళ్లీ మెల్లగా చదవండి. ఎడమవైపు లాభం గురించి మొదలైన మాట ‘తలెత్తుకోలేం’ దగ్గర ఆగింది. రొయ్యకూ తలెత్తుకోవడానికీ సంబంధం లేదు. ఇలా విషయంలోంచి పక్కకు జరిగిన మాట కింద గీత గీయండి. తర్వాత అక్కడికే వెళ్లాలి.

రాసేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతోందో కూడా పక్కనే రాయండి. ఒకరు మాట్లాడుతుంటే దవడ బిగుసుకుంటుంది, ఇంకొకరు మాట్లాడుతుంటే కడుపులో తిప్పినట్టుంటుంది. నెల తర్వాత వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు మాటలకంటే ముందు ఈ గుర్తులే పట్టిస్తాయి.

3. పేరు పెట్టండి, కానీ తిట్టు పెట్టకండి

‘బద్ధకం’, ‘పిరికి’, ‘రాక్షసి’ లాంటి పేర్లు వద్దు. తిట్టి పిలిస్తే ఇంట్లో పిల్లాడే పలకడు. చేసే పనిని బట్టి పేరు పెట్టండి. మన దగ్గర వరసలు బోలెడున్నాయి, వాటిని వాడుకోండి. పై రైతు ఎడమవైపు ఉన్నవాడికి ‘పందెం చిన్నాయన’ అని, కుడివైపు ఉన్నవాడికి ‘లెక్కల పెదనాయన’ అని పెట్టుకున్నాడనుకుందాం. వరస కలిపి పిలిస్తే గొంతులో గౌరవం దానంతటదే వస్తుంది. నువ్వు అనాలా, మీరు అనాలా అన్నది మీ ఇంటి అలవాటు.

కొన్ని గొంతులు పేరు పెట్టకముందే ఎవరివో తెలిసిపోతాయి. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నవాళ్లను అడగండి. తెల్లవారుజామున లేపే వార్డెన్ గొంతు, వారం వారం ర్యాంకుల కాగితం, స్టడీ అవర్‌లో తల వాలిస్తే వీపు మీద తగిలే చెయ్యి. ఆ కాలేజీ వదిలి ఇరవై ఏళ్లయినా, ఆదివారం మధ్యాహ్నం కాసేపు నడుం వాలిస్తే లోపల అదే గొంతు ‘లే, టైం వేస్ట్ చేస్తున్నావు’ అంటుంది. దానికి ‘వార్డెన్ సార్’ అని పేరు పెట్టి చూడండి. అది మీరు కాదని, మీలో పనిచేస్తున్న ఒకాయన అని వెంటనే తెలుస్తుంది. ఆ కాస్త దూరం చాలు, మాట కలపడానికి.

4. అడుగుతున్నది ఎవరో చూసుకోండి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. అందుకే దీనికి టైం తీసుకోండి.

చిన్నాయనను ప్రశ్న అడగబోయే ముందు మిమ్మల్ని మీరు ఒకటి అడగండి: ‘ఈయన మీద నాకు ఇప్పుడు ఏమనిపిస్తోంది?’ చిరాకు, అసహ్యం, ‘ఎలాగైనా నోరు మూయించాలి’ అనే పట్టుదల, వీటిలో ఏది ఉన్నా అడగబోతున్నది మీరు కాదు, పెదనాయన. ఆయన మీ కుర్చీలో కూర్చుని మీ గొంతుతో మాట్లాడుతున్నాడు. అట్లా అడిగితే చిన్నాయన నిజం ఎందుకు చెబుతాడు? పంచాయితీ చెప్పే పెద్దమనిషి ఒక పార్టీకి బంధువైతే రెండో పార్టీ నోరు విప్పదు.

ఏం చేయాలంటే, ముందు పెదనాయనతోనే మాట్లాడండి. “మీ భయం నాకు తెలుసు. మీ మాట కూడా వింటాను. పది నిమిషాలు పక్కన కూర్చోండి. ఈ పది నిమిషాల్లో నేను ఏ రొయ్యపిల్లల సీడుకూ అడ్వాన్సు ఇవ్వను.” ఆ చివరి మాట ముఖ్యం. లోపలివాళ్లు ఊరికే పక్కకు జరగరు, హామీ అడుగుతారు. ఆ పది నిమిషాల్లో నిర్ణయం ఏదీ తీసుకోనని మాట ఇచ్చి, ఆ మాట మీద నిలబడండి.

తర్వాత మళ్లీ చూసుకోండి. చిన్నాయన మీద ‘అసలు ఈయన కథేంటి, తెలుసుకుందాం’ అన్న కుతూహలం కొంచెం పుట్టిందా? పుడితే ముందుకు వెళ్లండి. పుట్టకపోతే ఆ రోజుకు పుస్తకం మూసేయండి. బలవంతంగా లాగితే దొంగ జవాబులే వస్తాయి.

ఒంట్లో ఊపిరి మెల్లగా ఆడటం, భుజాలు దిగటం, గొంతులో తొందర తగ్గటం, ఇవి మీరే మాట్లాడుతున్నారనడానికి గుర్తులు. ష్వార్ట్జ్ పద్ధతిలో దీన్నే ‘అసలు నువ్వు’ అంటారు. అక్కడికి చేరడానికి ధ్యానం రానవసరం లేదు. నాలుగుసార్లు నెమ్మదిగా ఊపిరి వదిలి, కాళ్లు నేలకు ఆనుతున్నాయని గమనించుకుంటే చాలామందికి సరిపోతుంది.

5. నాలుగు ప్రశ్నలు

వరసగా అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. ఆలోచించి తయారు చేసిన జవాబు పెద్ద పెద్ద మాటల్లో ఉంటుంది. లోపలి నుంచి వచ్చింది ఒక్కోసారి ఒక బొమ్మలా, ఒక వాసనలా వస్తుంది. అదైనా రాయండి.

నువ్వు నా కోసం ఏం పని చేస్తున్నావు?
ఆ పని మానేస్తే ఏమవుతుందని నీ భయం?
ఎప్పటినుంచి చేస్తున్నావు?
నాకు ఇప్పుడు ఎన్నేళ్లు అనుకుంటున్నావు?

రైతు పుస్తకంలో చిన్నాయన జవాబులు ఇట్లా ఉండొచ్చు. “నిన్ను ముందుకు నెడతా ఉండా. నేను ఊరుకుంటే నువ్వు మళ్లా వేరేవాళ్ల గుంట కాడ రాత్రి కాపలాకి పోతావు. మీ నాయన ఫీజు కట్టలేక నిన్ను ఇంటర్ మానిపించిన రోజు నుంచి చేస్తా ఉండా. నీకు పదహారేళ్లు.” రైతుకు నలభై దాటాయి. పిల్లలిద్దరు చదువుకుంటున్నారు. చిన్నాయనకు ఆ సంగతి తెలియదు. ఇంకా ఆ పదహారేళ్ల కుర్రాణ్ని కాపాడుతున్నానని అనుకుంటున్నాడు.

నాలుగో ప్రశ్నకు ఇలాంటి జవాబే చాలాసార్లు వస్తుంది. లోపలివాళ్లు ఏ వయసులో పనిలో చేరారో ఆ వయసులోనే మనం ఆగిపోయామని నమ్ముతారు. వాదించవద్దు. ఇప్పటి సంగతి చూపించండి. “చూడు, ఇది నా ఇల్లు. ఇది నా పేరు మీద ఉన్న పాస్‌బుక్కు. ఫీజు కట్టాల్సింది ఇప్పుడు నేను, మా నాయన కాదు.” నిజంగానే పాస్‌బుక్కు తీసి ముందు పెట్టుకోండి. చేత్తో పట్టుకోగలిగే వస్తువు ఎదురుగా ఉంటే ఈ మాటలు బాగా ఎక్కుతాయి.

అదే నాలుగు ప్రశ్నలు పెదనాయనకూ వేయాలి. ఆయన పనిలో చేరింది గుంట నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయిన ఒక రాత్రి అని తేలవచ్చు. గట్టు మీద టార్చి వేసి చూస్తే రొయ్యలు పైకొచ్చి అంచున గుంపులు కట్టిన ఆ రాత్రి. అప్పటినుంచి ఆయన పడుకోలేదు. రైతుకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఆయన కాపలానే.

6. కుర్చీ మారండి

రాయడంతో పని జరగకపోతే గొంతు కలపండి. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, ఒకదాంట్లో కూర్చుని ఒకరిగా మాట్లాడి, లేచి వెళ్లి రెండోదాంట్లో కూర్చుని జవాబు చెప్పడం ఈ పద్ధతి. గెస్టాల్ట్ థెరపీ అనే మానసిక చికిత్సలో ఫ్రిట్జ్ పెర్ల్స్ దీన్ని బాగా వాడాడు. కెనడాలో లెస్లీ గ్రీన్‌బర్గ్ దీని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. అతను గమనించిన వాటిలో మనకు పనికొచ్చేది ఒకటుంది. తిట్టే గొంతు మెత్తబడినప్పుడే గొడవ విడివడుతుంది. రెండోవాళ్ల బాధ విన్నాక ‘నీ మంచికే అన్నాను, నాకూ భయమేసింది’ అని ఆ గొంతు అనగలిగేదాకా కుర్చీలు మారుతూ ఉండండి.

మన ఇళ్లలో ఏకాంతం దొరకదు, నిజమే. మిద్దె మీద చాప రెండు వైపులా కూర్చోవచ్చు. మైపాడు బీచ్‌లోనో కొత్తపట్నం తీరంలోనో నడుస్తూ ఒకవైపు వెళ్లేటప్పుడు ఒకరిగా, తిరిగి వచ్చేటప్పుడు ఇంకొకరిగా మాట్లాడొచ్చు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోండి. ఎవరితోనో మాట్లాడుతున్నారనుకుని ఎవరూ పట్టించుకోరు.

7. ఇద్దరూ ఒకే జట్టేమో చూడండి

కొన్ని గొడవల్లో ఇద్దరూ ఎదురెదురు పార్టీల్లా కనిపిస్తారు కానీ ఒకరు వదిలేసిన పనిని ఇంకొకరు చేస్తుంటారు. మొదట్లో చెప్పిన ఆ అమ్మ ఒంగోలులో ఉంటుందనుకుందాం, ఆమె సంగతే చూడండి. ఆమెలో ఒకరు మంచమ్మాయి, అందరికీ ‘సరే’ అంటుంది. ఇంకొకరు రాత్రి కేకలు వేస్తారు. కేకలు వేసేవాళ్లను అణచాలని ఆమె ఎన్నో మొక్కులు మొక్కి ఉంటుంది. అణచినకొద్దీ కేక పెద్దదవుతుంది.

ఒక రోజంతా ‘సరే’లు రాసుకోమనండి. పొద్దున అత్తయ్య ‘ఇవాళ టిఫిన్ మార్చు’ అంటే సరే. స్కూల్లో తోటి టీచరు తన పీరియడ్ కూడా తీసుకోమంటే సరే. ఆడబిడ్డ వచ్చి నాలుగు రోజులుంటానంటే సరే. మధ్యాహ్నం బాక్సు సగంలో ఉండగా ఎవరో పిలిస్తే మూత పెట్టేసి సరే. ఇవన్నీ అయ్యాక రాత్రి తొమ్మిదింటికి ఎనిమిదో ఎక్కం తప్పు చెప్పిన పిల్లాడు దొరికాడు. ఆ ఇంట్లో ఆమె ‘కాదు’ అనగలిగేది వాడి ఒక్కడితోనే.

కోపం పని ఏమిటో ఇప్పుడు అడిగితే జవాబు స్పష్టంగా వస్తుంది: “నువ్వు పగలంతా చెప్పని ‘కాదు’లు నేను మోస్తున్నాను.” అంటే ఇక్కడ మారాల్సింది మంచమ్మాయి. ఆమెనూ తిట్టకండి. కాదంటే వదిలేస్తారని, ముఖం చాటేస్తారని ఏ చిన్న వయసులోనో నేర్చుకుని ఉంటుంది. ఆమెతో చిన్న ఒప్పందం చాలు. రోజుకు ఒక్క ‘సరే’ బదులు ‘చూసి చెప్తానండీ’ అనాలి. అంతకంటే పెద్దది మొదటి వారంలో అడగొద్దు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఏ కారణం దొరికినా పిల్లాడి మీద పడ్డ కేక పిల్లాడి మీద పడ్డదే. వాడి దగ్గర కూర్చుని ‘నీ తప్పు కాదు నాన్నా, అమ్మ అలిసిపోయి అరిచింది’ అని చెప్పాలి. ‘అది నా కోపం చేసింది, నేను కాదు’ అనుకునే వెసులుబాటు ఈ పద్ధతిలో లేదు. లోపల ఎంతమంది ఉన్నా బయట సంతకం మీదే.

8. అడుగున దాక్కున్నవాళ్లు

మాట్లాడుతూ పోతే ఒకచోట గొంతు సన్నబడుతుంది. చిన్నాయన వెనక ఆ పదహారేళ్ల కుర్రాడు కనిపిస్తాడు. ఇంటర్ పుస్తకాలు తిరిగిచ్చేసి, తోటివాళ్లు కాలేజీ బస్సెక్కుతుంటే చూడలేక ఇంటి వెనక నిలబడినవాడు. పందెం, పట్టుదల, పరువు అన్నీ వాణ్ని కనపడకుండా కప్పడానికే.

వాడికి సలహాలివ్వొద్దు. ‘అదంతా అయిపోయిందిలే’ అనొద్దు. ఎదురుగా కూర్చుని చెప్పింది వినండి, అంతే. కన్నీళ్లు వస్తే రానివ్వండి. తర్వాత ఆ రోజుకు ఇంక పని పెట్టుకోకండి, స్నానం చేసి తిని పడుకోండి.

అక్కడ కనిపించింది కొట్టడం, లైంగిక వేధింపు, కళ్ల ముందు జరిగిన చావు లాంటిదైతే ఒంటరిగా ముందుకు వెళ్లవద్దు. ‘నిన్ను చూశాను, ఒక మంచి మనిషిని వెంటబెట్టుకుని మళ్లీ వస్తాను’ అని చెప్పి పుస్తకం మూసేసి, శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో కలవండి. ఇది భయపడి వెనక్కి రావడం కాదు. అంత లోతులో తోడు కావాలి.

9. ఒప్పందం రాయండి

ఇద్దరి మాటా విన్నారు. ఇప్పుడు చెరి సగం చేయాలనిపిస్తుంది. చెరి సగం చాలాసార్లు పనికిరాదు, ఇద్దరూ అలుగుతారు. పదమూడో శతాబ్దంలో మన నేల మీద శివుడు గొప్పా విష్ణువు గొప్పా అని కొట్లాడుకుంటున్న రోజుల్లో, నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. అందులో హరి తగ్గలేదు, హరుడూ తగ్గలేదు. మీరు రాసే ఒప్పందంలోనూ ఇద్దరికీ అసలు కావాల్సింది పూర్తిగా ఉండాలి. అందుకే ఐదో మెట్టులో భయాలు అడిగింది. పైకి అడిగేవి కలవకపోయినా అడుగున కావాల్సినవి చాలాసార్లు కలుస్తాయి.

రైతు ఒప్పందం ఇట్లా ఉండొచ్చు. పంట వేస్తాం, కానీ రెండు గుంటల్లో ఒకదాంట్లోనే. మేత షాపు పాత బాకీ తీరాకే సీడు దింపుతాం. వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ టెస్టు చేయించిన సీడే తెస్తాం, పోయినసారికంటే పలచగా వేస్తాం. రోజూ సాయంత్రం జనరేటర్ ఒకసారి నడిపి చూస్తాం. రాత్రి కాపలా వంతులవారీగా, పెదనాయన ఒక్కడే మేలుకోడు. తెల్లమచ్చ కనిపిస్తే వెంటనే పట్టేసి అమ్మేస్తాం, ఈ సీజన్‌లో మళ్లీ వేయం. ఇంట్లో బంగారం ముట్టుకోం. చిన్నాయనకు పంట దక్కింది, పెదనాయనకు నిద్ర దక్కింది. ఆ కుర్రాడి కోసం ఒక షరతు ఉంది: పిల్లల ఫీజు డబ్బు పంట డబ్బులో కలవదు, వేరే అకౌంట్‌లో ముందే వేస్తాం. వాణ్ని నిజంగా శాంతపరిచేది అదొక్కటే.

కాగితం మీద తేదీ వేసి, ఎప్పటిదాకా వర్తిస్తుందో రాసి, సంతకం చేయండి. గడువు లేని ఒప్పందాన్ని లోపలివాళ్లు నమ్మరు.

10. పాత పనికి బదులు కొత్త పని

ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లను ఇంటికి పంపేయలేం. వాళ్ల నేర్పుకు తగిన పని చూపించాలి. లెక్కల పెదనాయన రాత్రి రెండింటికి లేపడం మానేసి, ఆదివారం పొద్దున అరగంట కూర్చుని ఖాతా పుస్తకం చూడొచ్చు. వార్డెన్ సార్‌కు పిల్లల పరీక్షల నెలలో టైంటేబుల్ వేసే పని ఇవ్వండి, మిగతా నెలల్లో సెలవు. ఒంగోలు అమ్మలో కేకలు వేసేవాళ్లకు కబురు చెప్పే పని ఇవ్వండి. మధ్యాహ్నం బాక్సు మూత పెట్టేటప్పుడు దవడ బిగుసుకుంటుంది చూశారా, అప్పుడే మెల్లగా ‘ఇది వద్దు’ అని చెప్పాలి. ఆ మాట అప్పుడు వింటే రాత్రికి అరవాల్సిన పని ఉండదు.

మొదట్లో వాళ్లు పాత పనికే పరిగెడతారు. పెదనాయన మళ్లీ రాత్రి రెండింటికి వస్తాడు. ‘ఆదివారం పేజీలో రాశాను, అప్పుడు చూద్దాం’ అని చెప్పి, ఆదివారం నిజంగా చూడండి. రెండు ఆదివారాలు ఎగ్గొడితే మీ మాట ఇక చెల్లదు.

ఈ పేర్లు, కథలు ఇంట్లో అందరికీ చెప్పాల్సిన పని లేదు. ముఖ్యంగా ఎదుటివాళ్లలో ఎవరెవరున్నారో మీరు చెప్పబోవద్దు. ‘మీలో ఆ మొండాయన మాట్లాడుతున్నాడు’ అని భర్తతో అంటే అది తిట్టే అవుతుంది.

11. గడువు రోజు

ఒప్పందం తేదీ ముగిసిన రోజు పుస్తకం తీసి, షరతులు ఒక్కొక్కటి చదువుతూ నిలబడినవాటికి టిక్కు పెట్టండి. తప్పినచోట, ఆ షరతు మోయలేకపోయినవాళ్లెవరో వాళ్లను పిలిచి ఐదో మెట్టులోని రెండో ప్రశ్న మళ్లీ అడగండి. రైతు బంగారం తాకట్టు పెట్టేశాడనుకోండి. చిన్నాయన అబద్ధాలకోరని తేల్చేయకుండా, ఆ రోజు ఊళ్లో ఎవరు ఏమన్నారో, ఏ మాట తగిలి లేచాడో రాయండి. ఆ షరతును మార్చి, బంగారం బీరువా తాళం భార్య దగ్గర ఉంటుందని కొత్తగా రాసి, కొత్త తేదీ వేయండి. అది కుదిరాక పేజీ తిప్పి, మధ్యలో గీత గీసి, తర్వాతి గొడవ మొదలుపెట్టండి.